పెరటి తొట్టి నీళ్ళు

తిరుపతి కొర్లగుంటలో దేవనాథన్ తన ఇంటి పెరట్లో ఈతకొలను కట్టిస్తున్నాడని తెలిసినప్పుడు వీధిలో చాలామంది నవ్వుకున్నారు. దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. పాత పెంకుటిల్లు. ఎండాకాలం వచ్చిందంటే బొక్కెన అడుక్కు తగిలే బావి. ఆ ఇంటికి ఈతకొలనా అని పనిగట్టుకుని చూడటానికి వచ్చినవాళ్ళకు మేస్త్రీ మునివెంకటప్ప కడుతున్న సిమెంటు తొట్టి కనిపించింది. మనిషి కాళ్ళు చాపి పడుకుంటే ఇంకొంచెం చోటు మిగిలేంత పొడవు, నిలబడితే రొమ్ముదాకా వచ్చే లోతు. ఒక పక్క వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా పట్టుకోవడానికి ఇనుప పైపులు. ఆ పైపులు ఎవరికోసమో తెలిసాక ఎవరూ నవ్వలేదు.

అవి అతని భార్య కోమలవల్లి కోసం. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. దసరా సెలవుల్లో జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక పాదాల్లో తిమ్మిరి మొదలై పైకి పాకింది. చూస్తూ ఉండగానే మోకాళ్ళ కిందినుంచి కాళ్ళు తనవి కానట్టు అయిపోయాయి. గిల్లినా తెలియదు. కాగిన నీళ్ళు పోసినా తెలియదు. "పుత్తూరుకు తీసకపోండి, కట్టు కట్టిస్తే లేసి తిరగతాది" అన్నారు బంధువులు. విరిగిన ఎముకైతే కదా కట్టు కట్టేది! దేవనాథన్ ఆమెను వేలూరు తీసుకుపోయాడు. అక్కడ పెద్ద డాక్టరు అన్నీ చూసి, నరాలు దెబ్బతిన్నాయనీ, వాటంతటవే తిరిగి రావాలనీ చెప్పాడు.

"రావచ్చు, రాకపోవచ్చు. ఏడాదిలోపల ఎంత వస్తే అంత. ఆలోగా కండలు ఎండిపోతే మాత్రం నరాలొచ్చినా లాభముండదు. నీళ్ళలో దించి నిలబెట్టండి. ఆమె బరువు నీళ్ళు మోస్తాయి. కాళ్ళు ఆడించడం అక్కడైతే సులువు" అన్నాడాయన.

తిరుపతిలో ఆడమనిషిని దించడానికి నీళ్ళెక్కడున్నాయి? అందుకే తొట్టి.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు పొద్దున తొట్టి నిండింది. ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న గంగులమ్మ ఒక పక్క, దేవనాథన్ ఒక పక్క పట్టుకుని కోమలవల్లిని మెట్లమీదుగా దించారు. నీళ్ళు నడుము దాటి రొమ్ముదాకా వచ్చాయి. ఆమె రెండు చేతులతో పైపులు పట్టుకుంది.

"వదలండి" అంది.

"పడిపోతావు కోమలా."

"వదిలి చూడండి."

ఇద్దరూ చేతులు తీశారు. కోమలవల్లి నిలబడింది. మూడు నెలల తర్వాత ఆమె ముఖం అతని ముఖానికి ఎదురుగా, ఎప్పుడూ ఉండేంత ఎత్తులో ఉంది. మంచం మీద పడుకోబెట్టి చూసి చూసి ఆ ఎత్తునే అతను మరిచిపోయాడు. గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిలబడుకున్నానే గంగులూ!" అంది కోమలవల్లి. నవ్వుతూ ఉంది, కళ్ళవెంట నీళ్ళు కారుతూ ఉన్నాయి.

అప్పటినుంచి పొద్దునా సాయంత్రం తొట్టి దగ్గరే. నీళ్ళలో ఒక కాలు ముందుకు తోసేది, తొడ బలంతో వెనక్కు లాక్కునేది. పాదం ఎక్కడ ఆనిందో తెలియదు కాబట్టి వంగి నీళ్ళలోకి చూసుకుంటూ వేసేది. పదిరోజులకొకసారి నీళ్ళు తీసి అరటిచెట్లకు పారించి, బావిలోనుంచి కొత్తనీళ్ళు తోడేవాళ్ళు. 

కానీ ఆ ఏడు ఎండ ముందే వచ్చింది. కిందటేడు వానల్లేవు. శివరాత్రి నాటికే బావిలో నీళ్ళు దిగిపోయి, పొద్దున తోడితే మళ్ళీ సాయంత్రానికి గానీ ఊరేవి కావు. కుళాయి రెండు రోజులకొకసారి, అదీ కాసేపు. తొట్టి నీళ్ళు మార్చడం కుదరలేదు. మొదట నీళ్ళు పాకుడు పట్టాయి. తర్వాత అంచుల్లో పచ్చగా జిగురు తేలింది. దోమపిల్లలు మెలికలు తిరుగుతూ కనిపించాయి. గంగులమ్మ పాత పంచెతో వడగట్టేది, చీపురుతో గోడలు రుద్దేది. అయినా కోమలవల్లి ఒంటిమీద సెగ్గడ్డలు లేచాయి. వాటితోపాటు చలిజ్వరం వచ్చింది.

జ్వరం అనే మాట వింటేనే దేవనాథన్‌కు భయం. మొదటిసారి జ్వరమే కదా ఆమె కాళ్ళు పట్టుకుపోయింది! జ్వరం తగ్గేదాకా అతను ఆఫీసుకు పోలేదు. తగ్గిన రోజు ఆఫీసుకు పోయి, వచ్చేటప్పుడు బజార్లో ఒక సంచి నిండా బ్లీచింగ్ పౌడరు తెచ్చాడు. బావుల్లో వేస్తారు కదా, తొట్టిలో వేస్తే ఏమవుతుందనుకున్నాడు. ఎంత వేయాలో కొట్టువాడికి తెలియదు, ఇతనికీ తెలియదు. తక్కువైతే మళ్ళీ జ్వరం వస్తుంది. ఆ భయంతో చేటలో పోసుకుని దోసిళ్ళతో నీళ్ళమీద చల్లాడు. నీళ్ళు తెల్లగా పాలలాగా అయ్యాయి. మర్నాటికి తేరుకుని అడుగు కనిపించేంత నిర్మలంగా ఉన్నాయి.

"ఆహా, గాజుమాదిరి ఉండాయే!" అంది కోమలవల్లి. ఆ రోజు మామూలుకంటే ఎక్కువసేపు నీళ్ళలో ఉంది.

పైకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి గంగులమ్మ కాళ్ళు తుడుస్తూ ఒక్కసారిగా తువ్వాలు వదిలేసింది.

"అయ్యో సామీ, ఇట్రా! ఈ కాళ్ళు సూడు!"

అరికాళ్ళు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. తువ్వాలుతోపాటే మడమ దగ్గర చర్మం ఊడివచ్చింది. వేళ్ళ సందుల్లో ఎర్రగా మాంసం కనిపిస్తోంది. పొడి కరగకుండా అడుగున పేరుకుంది. ఆమె నిలబడింది దానిమీదే.

కోమలవల్లి వంగి తన పాదాలను చూసుకుంది. "నాకేమీ తెలీలేదే" అంది. ఎవరివో కాళ్ళు చూస్తున్నట్టు చూసింది.

కట్టు కట్టిన డాక్టరు దేవనాథన్‌ను వసారాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. స్పర్శ లేని కాలికి పుండు పడితే మానడం కష్టం. లోపలికి పాకితే పాదం తీసేయాల్సి వస్తుంది. దేవనాథన్ తలూపాడు. ఇంటికి వచ్చి తొట్టి గట్టున కూర్చున్నాడు. నీళ్ళు ఇంకా నిర్మలంగానే ఉన్నాయి. ఆ నీళ్ళకు దగ్గరగా వంగి వాసన చూశాడు. ముక్కులు మండాయి. ఈ వాసన నిన్న నాకెందుకు తెలియలేదని తనను తాను ప్రశ్నించుకున్నాడు. తెలిసింది. నీళ్ళు శుభ్రపడిన వాసనే అనుకున్నాడు.

"ఇంక నీళ్ళూ వద్దు, ఏమీ వద్దు" అన్నాడు ఆ సాయంత్రం.

కోమలవల్లి తన కట్లవైపు చూసుకుంది. పుండ్లు మానేదాకా ఆమెకూ తప్పదు. దేవనాథన్ రోజూ కట్టు విప్పి, మందు రాసి, మళ్ళీ కట్టేవాడు. ఎడమ కాలు త్వరగా ఎండింది. కుడి మడమ మాత్రం ఒకరోజు మానినట్టుండి మర్నాడు చీము పట్టేది. ఫాల్గుణం పోయి చైత్రం వచ్చింది. మంచం మీద పడుకున్న ఆమె పిక్కలు కంటికి తెలిసేలా తగ్గిపోతున్నాయి. గంగులమ్మ నూనె రాస్తూ, పిక్కను అరచేత్తో చుట్టి చూసి, ఒక్క క్షణం ఆగి, చీర కిందికి లాగేది. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో కోమలవల్లికి తెలుసు.

కుడి మడమ కూడా ఎండాక ఆమె అడిగింది.

"రేపు నన్ను దించండి."

"నా వల్ల కాదు కోమలా."

"దసరాకు ఏడాది అయిపోతాది. డాక్టరు చెప్పింది మీరూ విన్నారు కదా! పడుకుని ఉంటే అవి వస్తాయా?"

"ఎంత పొయ్యాలో నాకు తెలీదు! పొయ్యకుంటే పురుగులు, పోస్తే పుండ్లు. నీకేమో మండినా తెలీదు. నేనేం చేసేది? నీ కాళ్ళను నా చేతుల్తో నేనే కాల్చినాను. మళ్ళీ కాల్చమంటావా?"

"ఎంత ఉండాదో చూసుకుని పొయ్యచ్చు. దానికి పరీక్ష ఉండాది."

ఆ పరీక్ష సంగతి అతనూ విచారించాడు. మద్రాసులో ఒక సర్జికల్ షాపులో పెట్టె దొరుకుతుందట. చుక్కల మందు, రంగుల పలక. దాని ధర అతని నెల జీతానికి దగ్గరగా ఉంది. పైగా ఆ మందు అయిపోతే మళ్ళీ తెప్పించుకోవాలి. వేలూరు ఖర్చులకు, తొట్టికి ఆమె గాజులతో సహా నగలన్నీ పోయాయి.

"పెట్టె అక్కరలేదు. నేను ఇన్నేళ్ళు పిల్లకాయలకు చెప్పిన పాఠమే కదా!" అంది కోమలవల్లి. "మందుల షాపులో పొటాషియం అయోడైడ్ తీసుకురండి, దగ్గుమందులో కలుపుతారు, కొంచెం చాలు. అన్నం వార్చిన గంజి ఇంట్లోనే ఉండాది. రెండూ కలిపి నీళ్ళలో వేస్తే, బ్లీచింగ్ క్లోరిన్ ఉంటే నీలంగా మారతాది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు నీలం. కొంచెం పులుపు తగలాల, నిమ్మకాయ పిండుదాం."

అతను నమ్మీ నమ్మకుండానే తెచ్చాడు. తొట్టి నీళ్ళు చాలా రోజులనుంచి ఎండలో ఉండి మళ్ళీ పచ్చబడ్డాయి. ఈసారి కోమలవల్లి చెప్పినట్టు బ్లీచింగ్ పౌడరును బక్కెట్లో కలిపి, మడ్డి అడుక్కు దిగాక పైతేట మాత్రం తొట్టిలో పోశాడు. వాసన బాగా వచ్చింది. గాజుగ్లాసులో తొట్టి నీళ్ళు ముంచి ఆమె ముందు పెట్టాడు. ఆమె మంచం మీద కూర్చుని, గూడూరు నిమ్మకాయ సగం కోసి పిండి, మందు వేసి, గంజి వేసింది. ఇద్దరూ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

నీలం రాలేదు.

"చాల్లేదు. ఇంకొంచెం పొయ్యండి" అంది.

పోశాడు. మళ్ళీ పరీక్ష. రాలేదు. పాకుడంతా క్లోరిన్‌ను తినేస్తోందేమో అంది కోమలవల్లి, అది మామూలే. ఇంకో బక్కెట్టు పోశాడు. సాయంత్రానికి పెరడంతా ఘాటు. గ్లాసులో మాత్రం తెల్లటి గంజినీళ్ళే. మర్నాడూ అంతే. ఆమె ముఖంలో ఆత్రం చూసి అతను వద్దనలేకపోయాడు. పరీక్ష ఏమీ లేదంటోంది, చదువుకున్న మనిషి చెబుతోంది, తన ముక్కును నమ్మాలా, ఆమెను నమ్మాలా?

"ఏమీ లేదంటే నేను దిగినా ఏమీ కాదు కదా! ఉత్త నీళ్ళే కదా! దించండి" అంది కోమలవల్లి మూడోరోజు.

గంగులమ్మ అడ్డం నిలబడింది. "వద్దు మా. గట్టుమీద కూసుంటేనే కండ్లు మండతా ఉండాయి నాకు."

దేవనాథన్ చొక్కా విప్పి తానే తొట్టిలోకి దిగాడు. మెడదాకా మునిగి, తల కూడా ముంచాడు. లేచేటప్పటికి కళ్ళు తెరవలేకపోయాడు. గొంతు పట్టుకుని దగ్గుతూ మెట్లమీద కూలబడ్డాడు. గంగులమ్మ కడవతో బావినీళ్ళు తెచ్చి అతని తలమీద కుమ్మరించింది. చంకల్లో, మెడ దగ్గర ఒళ్ళు ఎర్రబడింది.

తడి పంచెతోనే లోపలికి వచ్చి కిటికీలో ఉన్న గాజుగ్లాసు తీసి గోడకేసి కొట్టాడు.

"ఇదా నీ పరీక్ష? నిన్ను దించి ఉంటే ఏమయ్యేది? చెప్పు, ఏమయ్యేది? కాళ్ళు పోతే పోనీ, నువ్వన్నా ఉండు. నన్ను బతకనీ!"

ఇన్నేళ్ళలో అతను ఆమెమీద గొంతెత్తింది అదే మొదటిసారి. అరిచాక గోడకు తల ఆనించి ఏడ్చాడు. కోమలవల్లి ఏడవలేదు. గోడమీదినుంచి జారుతున్న గంజి చారలను చూస్తూ ఉండిపోయింది. ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు.

మర్నాడు అతను ఆఫీసుకు పోయాక ఆమె పుండ్లకు రాసే టింక్చర్ అయోడిన్ సీసా తీసుకుంది. గంజిలో ఒక చుక్క వేసింది. చూస్తుండగానే నల్లని నీలం కమ్ముకుంది. అంటే గంజిలో తప్పులేదు. పాఠంలోనూ తప్పులేదు. మరెక్కడుంది? మందు కల్తీదా? అలా ఆలోచిస్తూనే పక్కన మిగిలిన నిమ్మచెక్క తీసి ఆ నీలంలో పిండింది. నీలం పలచబడింది. ఇంకొంచెం పిండింది. నీళ్ళు తెల్లబడిపోయాయి.

ఆమెకు అర్థమైంది. తప్పు నిమ్మకాయది. నిమ్మరసంలో ఉండే సి విటమిన్ పుట్టిన నీలాన్ని పుట్టినట్టే తినేస్తోంది. ఆ సంగతి కూడా ఆమె పిల్లలకు చెప్పిన పాఠంలోనే ఎక్కడో ఉంది. క్లోరిన్ మండిపోతున్న నీళ్ళను ఏమీ లేవని చెప్పింది తనే. ఆ నీళ్ళలో దించమని మారాం చేసింది తనే. మొగుడు ముందు దిగాడు కాబట్టి సరిపోయింది. అప్పుడు ఏడ్చింది, మంచం పట్టెను పట్టుకుని, గంగులమ్మ వచ్చి వీపు నిమురుతున్నా ఆగకుండా.

సాయంత్రం దేవనాథన్ రాగానే "కూర్చోండి" అంది. జరిగింది చెప్పి, చేసి చూపించింది. అతను నీలం రావడం, పోవడం చూశాడు.

"నిమ్మకాయ బదులు నిమ్మ ఉప్పు వేస్తే సరిపోతాది. పచారీ కొట్లో ఉంటాది. అందులో ఆ విటమిన్ ఉండదు."

"మళ్ళీనా కోమలా?"

"మీరు దిగినారే, కండ్లు పోతాయని కూడా చూడకుండా! నేను మీకు ఇంకొక్కసారి చేసి చూపిస్తాను. ఇదీ తప్పైతే తొట్టి పగలగొట్టించెయ్యండి. నేను మళ్ళీ అడగను."

నిమ్మ ఉప్పుతో చేసిన మొదటి గ్లాసులో నీలం సిరా పోసినట్టు వచ్చింది. అదే పరీక్ష కుళాయి వచ్చిన రోజు కుళాయి నీళ్ళతో చేసింది. వెనక తెల్లకాగితం పెట్టి చూస్తే తెలిసీ తెలియని లేత నీలం. మనుషులు తాగే నీళ్ళలో ఉండేది ఆ మాత్రమే. తొట్టిలో అంతకన్నా ఒక వాసి ఎక్కువైతే పరవాలేదు. ఈ సిరా రంగు ఎక్కడ, ఆ లేత రంగు ఎక్కడ? కంటితో పోల్చుకోవడం కాదు, కొలవాలి. దానికి ఆమె అడిగింది హైపో.

"ఫోటోలు కడిగే హైపో. స్టూడియోలో ఉంటాది. అది క్లోరిన్‌ను విరిచేస్తాది."

బస్టాండు దగ్గర కొండకొచ్చే యాత్రికులకు ఫోటోలు తీసే ప్రేమానందం దేవనాథన్‌కు బడిలో తోడు చదువుకున్నవాడు. విషయం విని, అడిగినదానికన్నా రెండింతలు పలుకులు పొట్లం కట్టి ఇచ్చాడు.

"ఎంతప్పా?"

"ఏమప్పా, మా వదిన కాళ్ళకు నేను రేటు చెప్పాల్నా? అయిపోతే మళ్ళీ రా. నువ్వు రాకుంటే నేనే తెస్తా" అన్నాడు ప్రేమానందం. పొట్లం దారం ముడివేస్తూ, "ఏం కాదులే దేవనాథా" అని భుజం తట్టాడు. ఆ మాట అతనితో ఎవరైనా అని చాలా రోజులైంది.

హైపోను పలచగా నీళ్ళలో కలిపి సీసాలో పోసుకున్నారు. నీలం వచ్చిన గ్లాసులో చుక్కచుక్కగా వేస్తే, ఏ చుక్కకు నీలం పోతుందో అదే లెక్క. కుళాయి నీళ్ళకు రెండు చుక్కలు పట్టాయి. తొట్టి నీళ్ళకు వేస్తూనే ఉన్నారు. దేవనాథన్ చెయ్యి నొప్పి పుట్టింది. వేసిన ప్రతి చుక్కకూ తను దిగిన నీళ్ళు ఎలాంటివో, ఆమెను దించబోయిన నీళ్ళు ఎలాంటివో అర్థమవుతూ వచ్చింది. తర్వాత హైపో పలుకులనే తొట్టిలో కొంచెం కొంచెం వేసి కలిపి, మళ్ళీ ముంచి, మళ్ళీ చుక్కలు వేశారు. చివరికి తొట్టి గ్లాసు కూడా మూడు చుక్కలకే తెల్లబడింది.

ఆ సాయంత్రం అతను ముందు దిగాడు. కళ్ళు తెరిచి మునిగాడు. మండలేదు. అయినా వెంటనే ఆమెను దించలేదు. గట్టున కూర్చుని తన చేతులు, పొట్ట చూసుకుంటూ చీకటి పడేదాకా ఆగాడు. మర్నాడు పొద్దున మళ్ళీ పరీక్ష చేసి, అప్పుడు చేతులు చాపాడు.

మూడు నెలల కిందట ఆమె ఎంతో సులువుగా నిలబడింది. ఇప్పుడు నిలబడలేకపోయింది. నీళ్ళలో కూడా మోకాళ్ళు మడతపడి ముఖం మునిగింది. అతను చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. కోమలవల్లి నోట్లో నీళ్ళు ఉమ్మేసి, "ఇంకోసారి" అంది.

తర్వాతి రోజులు ఆ ఇంటికి అలాగే గడిచాయి. పొద్దున లేవగానే గంజి, గ్లాసు, చుక్కలు. మూడుకు తగ్గితే బ్లీచింగ్ తేట ఒక చెంబు పోయడం, ఆరు దాటితే ఆ పూట ఎండకు వదిలేయడం. ముందు అతను, తర్వాత ఆమె. ప్రతిసారీ పైకి తీశాక గంగులమ్మ అరికాళ్ళు వెలుతురుకు తిప్పి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే విప్పి చూసేది. పుండు పడలేదు. జ్వరం రాలేదు. మొదట్లో మునిగిపోయిన ఆమె మళ్ళీ పైపులు పట్టుకుని నిలబడింది. కానీ అంతే. కాళ్ళు మాత్రం కట్టెలే. గుచ్చినా తెలియదు.

చిత్తూరు జిల్లా అంతా ఆ వేసవి మాడిపోయింది. వైశాఖం సగంలో బావి పూర్తిగా ఎండింది. కుళాయి నీళ్ళు తాగడానికీ వంటకూ చాలక గంగులమ్మ వీధి చివర పంపు దగ్గర బిందె పెట్టి నిలబడేది. తొట్టిలో నీళ్ళు ఎండకు ఇగిరిపోతూ రొమ్మునుంచి నడుముకు, నడుమునుంచి తొడలకు దిగాయి. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ ఆమె బరువు ఆమెకు తెలుస్తూ వచ్చింది. నిలబడితే తొడలు గజగజ వణికేవి. తర్వాత నిలబడటం మానేసి, మెట్టుమీద కూర్చుని కాళ్ళు ఆడించేది. 

ఒక మధ్యాహ్నం దేవనాథన్ ఆఫీసునుంచి వచ్చేసరికి గంగులమ్మ తొట్టి గట్టున కూర్చోబెట్టి పంపుకు పోయింది, ఆమె ఒక్కతే ఉంది. నీళ్ళు పిక్కలదాకా కూడా లేవు. పక్కన గ్లాసు, సీసా.

"ఈ నీళ్ళకు కూడా పరీక్ష చేసినావా?"

"మూడు చుక్కలు. బాగుండాయి" అంది. గ్లాసు పక్కకు జరిపి, "నీళ్ళు బాగానే ఉండాయి. కాళ్ళే రాలేదు" అంది.

అతను పక్కన కూర్చున్నాడు. వేపచెట్టు ఆకు కదలడం లేదు. ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. ఆమెకు తెలియదని తెలిసీ చాలాసేపు నిమిరాడు. తొట్టి మళ్ళీ నిండేది వానలకే. వానలు వచ్చేసరికి ఏడాదిలో ఏం మిగులుతుంది? ఇద్దరూ ఎవరికి వారే ఆ లెక్క వేసుకున్నారు.

"వేలూరు పోదాం. ఆయన ఏం చెప్తాడో చెప్పనీ. లేదంటే లేదనే చెప్పనీ. తెలిసిపోతాది కదా!" అంది కోమలవల్లి.

వేలూరులో పెద్ద డాక్టరు ఆమెను బల్లమీద పడుకోబెట్టి సుత్తితో తట్టాడు, సూదితో గీశాడు. ఏమీ లేదని ఆమె తలూపుతూనే ఉంది. ఆయన తొడలు పట్టుకుని నొక్కి చూసి ముఖం చిట్లించాడు. "ఎత్తండి" అన్నాడు. ఆమె ఎడమకాలు ఎత్తింది. అది బల్లమీదినుంచి లేచి గాలిలో ఆగింది. ఆయన దానిమీద చెయ్యి ఆనించి కిందికి నొక్కాడు. కాలు దిగలేదు.

"ఏం చేయిస్తున్నారు ఈవిడ చేత?" అని అడిగాడు దేవనాథన్‌ను.

అతనికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "నీళ్ళలో, సార్" అన్నాడు.

పాదాల సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. రావచ్చు, ఎడమ చీలమండ దగ్గర ఏదో చిన్న కదలిక ఉంది. కుడిది అనుమానమే. కానీ మోకాలి పైన కండ నిలిచింది, అది నిలిచింది కాబట్టి పాదాలకు ఇనుప పట్టీల బూట్లు బిగిస్తే చేతికర్రలతో నడుస్తుంది. కింది గదిలో అలాంటి బూట్లు తొడిగి రెండు కమ్మీల మధ్య ఆమెను నిలబెట్టారు. నీళ్ళు లేవక్కడ, ఉత్త నేల. కోమలవల్లి కమ్మీలు పట్టుకుని, కిందికి చూసుకుంటూ, ఒక కాలు ముందుకు వేసింది. దేవనాథన్ రెండు చేతులూ చాచి వెనకే పోయాడు. పట్టుకోవలసిన అవసరం రాలేదు. కమ్మీల చివరికి చేరాక ఆమె వెనక్కు తిరగడం రాక అక్కడే నిలబడి, గోడవైపు చూస్తూనే, "ఉన్నారా?" అంది.

"ఉండాను" అన్నాడు.

ఇంకో పక్షం రోజులు అక్కడే ఉంచి నేర్పించారు. కుడిపాదం ఆమెకు ఆ తర్వాత కూడా తిరిగి రాలేదు. ఎడమపాదంలో స్పర్శ కార్తీకం నాటికి వచ్చింది. మరుసటేడు బడి తెరిచినప్పుడు కర్రలతోనే క్లాసులోకి పోయింది. కానీ దేవనాథన్‌కు అన్నిటికన్నా గుర్తుండిపోయింది వేలూరునుంచి తిరిగి వచ్చిన రోజు.

తిరుపతి బస్టాండులో బస్సు ఆగింది. జనమంతా దిగిపోయారు. కోమలవల్లి చివరి మెట్టు దగ్గర కర్ర ఎక్కడ ఆనించాలో వెతుక్కుంటోంది. పొడుగాటి చీర కుచ్చిళ్ళ కింద బూట్లు కనిపించడం లేదు. అతను కింద నిలబడి చెయ్యి అందించబోతే వద్దని కళ్ళతో సైగ చేసింది. కండక్టరు విసుగ్గా బస్సు రేకుమీద దబదబ కొట్టాడు.

"దిగమ్మా, ఎంతసేపు? మళ్ళీ చిత్తూరు ట్రిప్పు ఉండాది మాకు. నడిచేదానికి ఇంత ఆలోచన చేస్తే ఎట్ల!"

దేవనాథన్‌కు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోపల కోమలవల్లి నవ్వేసింది.

"దిగతా ఉండాను కదప్పా! కొంచెం ఉండు" అంది. కర్ర కింద నేలకు ఆనించి, బరువు దానిమీద వేసి దిగింది.

రిక్షాలో కూర్చున్నాక కూడా ఆమె నవ్వు ఆగలేదు. "విన్నారా ఆయన అన్నది? నడిచేదానికి ఇంత ఆలోచన చేస్తే ఎట్లంట!" అంది. దేవనాథన్ కర్రలు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, రిక్షావాడికి కొర్లగుంట దారి చెప్పాడు.